సంకేతం తెలిసిన ఎంజైములు – ప్రసంగ పాఠం

అధ్యక్షులకు, ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

జన్యువులో ఉన్న సమాచారం ప్రోటీనుగా ఎలా మారుతుందన్నది ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన వారందరికీ ఎంతో కొంత తెలిసిన విషయమే. డీఎన్‌ఏ నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ, దాని ఆధారంగా రైబోజోము మీద ప్రోటీను అని బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి చెబుతారు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. అయితే దాన్ని చూసిన విద్యార్థికి, జన్యుసంకేతాన్ని చదివి అర్థం చేసుకునేది రైబోజోమేనన్న అభిప్రాయం సహజంగానే కలుగుతుంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ అభిప్రాయం గురించే. కోడాను అంటే ప్రస్తుతానికి సంకేతంలోని ఒక మాట అనుకోండి; ఏ కోడానుకు ఏ అమైనో ఆమ్లమన్న సంగతి రైబోజోముకు తెలియదు. ఆ సంగతి తెలిసిన అణువులు కణంలో వేరే ఉన్నాయి. పాఠాల్లో వాటి ప్రస్తావన చాలాసార్లు ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. అమైనో ఆమ్లాలను టీఆర్‌ఎన్‌ఏ అనే మధ్యవర్తి అణువులకు అతికించే ఆ ఎంజైములను అమైనోఎసైల్ టీఆర్‌ఎన్‌ఏ సింథటేజులు అంటారు. ఇక మీదట క్లుప్తంగా సింథటేజులు అంటాను.

ముందుగా చిన్న లెక్క చూద్దాం. ఎంఆర్‌ఎన్‌ఏలో ఏ, యూ, జీ, సీ అనే నాలుగు క్షారాలుంటాయి. ప్రోటీన్లేమో 20 రకాల అమైనో ఆమ్లాలు వరుసగా కూడితే ఏర్పడే గొలుసులు. క్షారాలను రెండేసి చొప్పున తీసుకుంటే 16 కూర్పులే వస్తాయి కనుక అవి 20 ఆమ్లాలకు చాలవు. మూడేసి చొప్పున తీసుకుంటే 64 వస్తాయి. ఈ మూడు క్షారాల కూర్పునే కోడాన్ అంటాం. 64లో 61 కోడాన్లు ఏదో ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి, యూఏఏ, యూఏజీ, యూజీఏ అనే మూడు గొలుసును ముగించమని సూచిస్తాయి. ఏయూజీ మిథియోనిన్‌కు గుర్తు, సాధారణంగా గొలుసు మొదలయ్యేదీ అక్కడే.

ఇక్కడ రసాయనశాస్త్రం తెలిసిన వారికి ఒక సందేహం రావాలి. యూయూయూ అనే మూడు క్షారాలకూ ఫినైల్‌అలనిన్ అనే ఆమ్లానికీ ఆకారంలో గాని, గుణంలో గాని పొత్తు ఏమిటి? ఆ క్షారాల మీద ఆ ఆమ్లం వచ్చి అతుక్కునే వీలేమీ కనిపించదు. 1955లో ఫ్రాన్సిస్ క్రిక్ తన మిత్ర శాస్త్రవేత్తలకు పంపిన ఒక పత్రంలో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుని, ఒక చివర అమైనో ఆమ్లాన్ని పట్టుకుని, మరో చివర న్యూక్లిక్ ఆమ్లంతో జతకట్టగల మధ్యవర్తి అణువు ఒకటి ఉండి తీరాలని ఊహించాడు. అంతటితో ఆగకుండా, ప్రతి అమైనో ఆమ్లాన్నీ దాని మధ్యవర్తికి అతికించే ప్రత్యేక ఎంజైములు కూడా ఉండాలని అన్నాడు. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే బోస్టన్‌లో పాల్ జమెక్నిక్, మాలన్ హోగ్లండ్ బృందం ఆ మధ్యవర్తిని ప్రయోగశాలలో పట్టుకుంది. అదే టీఆర్‌ఎన్‌ఏ. ఊహ ముందు నడిచి, ప్రయోగం దాని వెనుకే వచ్చిన సందర్భాలు జీవశాస్త్రంలో అరుదు. ఇది వాటిలో ఒకటి.

కోడాన్లను ఒక్కొక్కటిగా విప్పిన కథ చాలామంది విన్నదే కనుక త్వరగా చెబుతాను. 1961 మే నెలలో అమెరికాలోని బెథెస్డాలో మార్షల్ నైరెన్‌బర్గ్, హైన్రిచ్ మథాయి ఇ. కోలై బ్యాక్టీరియా కణాలను నూరి తీసిన రసంలో, యూ అనే క్షారం మాత్రమే వరుసగా ఉన్న కృత్రిమ ఆర్‌ఎన్‌ఏను కలిపారు. ఒక్కొక్క పరీక్షనాళికలో ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని రేడియోధార్మికంగా మార్చి చూడగా, ఫినైల్‌అలనిన్ మాత్రమే గొలుసుగా కూడినట్లు తేలింది. యూయూయూ అర్థం అలా తెలిసింది. ఆ ఆగస్టులో మాస్కోలో జరిగిన జీవరసాయన మహాసభలో నైరెన్‌బర్గ్ ఈ ఫలితాన్ని మొదట కొద్దిమంది ముందే చదివాడు. సంగతి తెలిసిన క్రిక్ పట్టుబట్టి అదే ప్రసంగాన్ని పెద్ద సభలో మళ్లీ ఇప్పించాడు. అవిభక్త పంజాబులోని రాయ్‌పూర్ అనే పల్లెలో పుట్టిన హరగోవింద్ ఖొరానా గారు క్షారాలను తాను కోరిన క్రమంలో కూర్చే రసాయన పద్ధతులను సాధించారు. యూసీ యూసీ అంటూ సాగే ఆర్‌ఎన్‌ఏ నుంచి సెరిన్, ల్యూసిన్ ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే గొలుసు పుట్టడం ఆయన పద్ధతికి చక్కని నిదర్శనం. 1966 నాటికి 64 కోడాన్ల పట్టిక పూర్తయింది. 1968లో నైరెన్‌బర్గ్‌కు, ఖొరానా గారికి, ఒక టీఆర్‌ఎన్‌ఏలోని క్షారాల వరుసను మొదటిసారి నిర్ధారించిన రాబర్ట్ హాలీకి నోబెల్ బహుమతి లభించింది.

పట్టిక సిద్ధమైంది సరే, కణంలో ఆ పట్టిక తెలిసినదెవరికి? దీనికి సమాధానం చెప్పిన ప్రయోగం 1962లో జరిగింది. శాపెవిల్, లిప్‌మన్, బెన్జర్ తదితరులు చేసిన ఆ పనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం, అందుకే దాన్ని కొంచెం నిదానంగా వివరిస్తాను.

సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో గంధకపు పరమాణువు ఒకటి ఉంటుంది. ఆ గంధకాన్ని తీసివేసి దాని చోట హైడ్రోజన్ పెడితే మిగిలేది అలనిన్. ఆ శాస్త్రవేత్తలు మొదట సిస్టీన్‌ను దానికి చెందిన టీఆర్‌ఎన్‌ఏకు సింథటేజు చేత అతికింపజేశారు. ఆ తరువాత రేనీ నికెల్ అనే ఉత్ప్రేరకంతో గంధకాన్ని తొలగించారు. దానితో ఒక విచిత్రమైన అణువు తయారైంది. దాని ఒక చివర యాంటీకోడాన్, అంటే కోడాన్‌తో జతకట్టే మూడు క్షారాలు, సిస్టీన్‌దే, రెండో చివర వేలాడే ఆమ్లం మాత్రం అలనిన్. ఇప్పుడు సిస్టీన్‌ను అడిగే కోడాన్లున్న కృత్రిమ ఆర్‌ఎన్‌ఏను రైబోజోముకిచ్చి, ఈ మారిన టీఆర్‌ఎన్‌ఏను అందించారు. రైబోజోముకు ఆమ్లాన్ని పరీక్షించే శక్తి ఉంటే అలనిన్‌ను తిప్పికొట్టి ఉండేది. అది అలా చేయలేదు. సిస్టీన్ ఉండవలసిన చోట అలనిన్‌ను గొలుసులో చేర్చి ముందుకు సాగిపోయింది. మరుసటి ఏడాది కుందేలు హీమోగ్లోబిన్‌తో చేసిన ప్రయోగంలోనూ సిస్టీన్ స్థానంలో అలనిన్ చేరింది.

దీని అర్థాన్ని ఒక్క క్షణం ఆలోచించండి. రైబోజోము చూసేది కోడాన్‌కూ యాంటీకోడాన్‌కూ జత కుదిరిందా లేదా అని. టీఆర్‌ఎన్‌ఏ రెండో చివర ఏముందన్న విషయంలో అది ముందుగా జరిగిన పనిని నమ్ముతుంది. ఆ ముందుగా జరిగే పని సింథటేజులది. ఏ ఆమ్లాన్ని ఏ టీఆర్‌ఎన్‌ఏకు అతికించాలో నిర్ణయించేవి అవే కనుక, జన్యుసంకేతపు పట్టిక మొత్తం ఆ ఎంజైముల ఆకారాల్లో ఇమిడి ఉందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. చాలా జీవుల్లో 20 అమైనో ఆమ్లాలకు 20 రకాల సింథటేజులుంటాయి. అవి పదేసి చొప్పున రెండు తరగతులుగా విడిపోతాయి. ఆ రెండు తరగతుల నిర్మాణాలకు పోలికే లేదు.

సింథటేజు తన టీఆర్‌ఎన్‌ఏను ఎలా గుర్తుపడుతుంది? యాంటీకోడాన్‌ను చూసి గుర్తుపడుతుందని అనుకోవడం సహజం, చాలా సింథటేజులు అలాగే చేస్తాయి కూడా. కాని అలనిన్ సింథటేజు యాంటీకోడాన్ జోలికే వెళ్లదు. 1988లో యా-మింగ్ హూ, పాల్ షిమ్మెల్ చూపినట్లు, అలనిన్ టీఆర్‌ఎన్‌ఏలో ఆమ్లం అతుక్కునే కాండం (క్షారాలు ఎదురెదురుగా జతకట్టి ఉండే భాగం) మీద మూడో స్థానంలోని జీ, దానికి ఎదురుగా 70వ స్థానంలోని యూ కలిసి చేసే జతే దానికి ముఖ్యమైన ఆనవాలు. మామూలుగా జీకి జత సీ. ఇక్కడ యూ ఉండటం వల్ల ఆ చోట కాండం ఆకారం కొద్దిగా మారుతుంది. ఈ ఒక్క జతను తీసుకువెళ్లి సిస్టీన్ టీఆర్‌ఎన్‌ఏలో పెడితే, అది అలనిన్‌ను మోయడం మొదలుపెట్టింది. ఈ జీ–యూ జతను గుర్తుపెట్టుకోండి, దానితో మనకు మళ్లీ పని పడుతుంది.

టీఆర్‌ఎన్‌ఏను గుర్తించడం ఒక ఎత్తయితే, అమైనో ఆమ్లాన్ని గుర్తించడం ఇంకొక ఎత్తు. టీఆర్‌ఎన్‌ఏ పెద్ద అణువు, పట్టుకోవడానికి చాలా చోట్లుంటాయి. అమైనో ఆమ్లం చిన్నది, దానికి దగ్గరి పోలికలున్న బంధువులు ఉంటాయి. ఐసోల్యూసిన్, వాలీన్‌ల మధ్య తేడా ఒకే ఒక్క మిథైలీన్ గుంపు. ఐసోల్యూసిన్ కోసం ఏర్పడిన గూటిలో దానికంటే చిన్నదైన వాలీన్ కూర్చోకుండా అడ్డుకునే మార్గం లేదని 1950ల చివరలో లైనస్ పౌలింగ్ ఎత్తిచూపాడు. కొలిచి చూస్తే ఐసోల్యూసిన్ సింథటేజు వాలీన్ కంటే ఐసోల్యూసిన్‌ను సుమారు 200 రెట్లు మాత్రమే ఎక్కువగా ఇష్టపడుతుంది. కణంలో వాలీన్ దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా ఉంటుంది కనుక ఆ ఎంజైము ప్రతి 40 సార్లలో ఒకసారైనా పొరపడాలి. కాని 1963లో రాబర్ట్ లాఫ్ట్‌ఫీల్డ్ అసలు ప్రోటీన్లలో ఈ పొరపాటును కొలిచినప్పుడు అది 3000కు ఒకటికి మించలేదు.

ఈ తేడా చిన్నదని ఎవరైనా అనుకుంటారేమోనని ఒక లెక్క చెబుతాను. 400 అమైనో ఆమ్లాలున్న ప్రోటీను మామూలు పరిమాణంలోదే. ప్రతి స్థానంలోనూ నూటికి ఒక పొరపాటు జరిగితే, తయారైన నూరు ప్రోటీన్లలో పూర్తిగా సరైనవి రెండుకు మించవు. అదే పొరపాటు పది వేలకు ఒకటైతే, నూటికి 96 సరిగ్గా వస్తాయి. మన కండరాల్లోని టైటిన్ అనే ప్రోటీను 34 వేలకు పైగా అమైనో ఆమ్లాల గొలుసు. పది వేలకు ఒక పొరపాటు చొప్పున చూసినా ఒక్కొక్క టైటిన్‌లో సగటున మూడు తప్పులుంటాయి.

మరి 40కి ఒకటి ఉండవలసిన పొరపాటు 3000కు ఒకటి ఎలా అయింది? 1966లో బాల్డ్విన్, పాల్ బర్గ్ ఒక విషయం గమనించారు. ఐసోల్యూసిన్ సింథటేజు వాలీన్‌ను, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు సాయంతో క్రియాశీలం చేస్తుంది గాని, ఐసోల్యూసిన్ టీఆర్‌ఎన్‌ఏను దగ్గరకు తేగానే ఆ వాలీన్‌ను నీటితో విడగొట్టి వదిలేస్తుంది. 1970లలో అలన్ ఫెర్ష్ట్ దీన్ని రెండు జల్లెడల సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు. మొదటి జల్లెడ ఐసోల్యూసిన్ కంటే పెద్దవాటిని ఆపుతుంది; రెండో జల్లెడ కన్ను ఐసోల్యూసిన్ దూరలేనంత సన్ననిది, వాలీన్ మాత్రం అందులోకి జారుతుంది. అలా జారినదాన్ని ఎంజైము టీఆర్‌ఎన్‌ఏ నుంచి తెంచేస్తుంది. 1990ల చివరలో ఎక్స్‌రే స్ఫటిక చిత్రాలు వచ్చాక, ఈ రెండు చోట్లు ఒకే ఎంజైములో సుమారు 30 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్ల వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) ఎడంలో ఉన్నాయని, టీఆర్‌ఎన్‌ఏ చివరి భాగం వంగి ఆమ్లాన్ని మొదటి చోటి నుంచి రెండో చోటికి చేరుస్తుందని తెలిసింది. చేసిన పనిని చెరపడానికి కణం ఇక్కడ ఏటీపీని ఖర్చు చేస్తోంది. ఎంజైము ఆకారం మాత్రమే ఇవ్వలేని కచ్చితత్వాన్ని కణం శక్తి పెట్టి సంపాదించుకుంటోందన్నమాట.

థ్రియోనిన్ సింథటేజు కథ మరింత అందమైనది. థ్రియోనిన్‌కు వాలీన్‌తోనూ పోలిక ఉంది, సెరిన్‌తోనూ ఉంది. ఆ ఎంజైము గూటిలో ఒక జింకు అయాను ఉంటుంది. థ్రియోనిన్‌కున్న హైడ్రాక్సిల్ గుంపు ఆ జింకును పట్టుకోగలదు, వాలీన్‌కు ఆ గుంపు లేదు కనుక అది అక్కడే తేలిపోతుంది. కాని సెరిన్‌కు కూడా హైడ్రాక్సిల్ ఉంది. అందువల్ల సెరిన్ మొదటి పరీక్ష దాటిపోతుంది, దాన్ని తరువాత దిద్దే చోట తొలగించవలసి వస్తుంది. ఈ జింకు సంగతిని ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో దీనో మోరాస్ ప్రయోగశాలలో తేల్చినవారిలో రాజన్ శంకరనారాయణన్ గారు ఒకరు. ఆ తరువాత ఆయన హైదరాబాద్ వచ్చి సీసీఎంబీ అనే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో ఇదే ప్రశ్న మీద పని కొనసాగించారు. ఆ పనికి ఇప్పుడే వస్తాను.

అంతకుముందు రైబోజోముకు అన్యాయం చేయకూడదు. సంకేతం తెలియదన్నంత మాత్రాన దాని పని చిన్నదైపోదు. తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారు కేంబ్రిడ్జిలో రైబోజోము రెండు భాగాల్లో 30ఎస్ అనే చిన్న భాగం నిర్మాణాన్ని 2000 సంవత్సరంలో వెలికితీశారు. థామస్ స్టైట్జ్, అదా యోనత్‌లతో కలిసి 2009లో నోబెల్ అందుకున్నారు. కోడాన్, యాంటీకోడాన్ జత కుదిరినప్పుడు రైబోజోము ఆర్‌ఎన్‌ఏలోని 1492, 1493 స్థానాల్లో ఉన్న రెండు ఏ క్షారాలు బయటికి తిరిగి, ఆ జతలో మొదటి రెండు స్థానాల ఆకృతిని తడిమి చూస్తాయని ఆయన బృందం చూపింది. మూడో స్థానంలో పట్టు సడలుతుంది, అందుకే ఒకే టీఆర్‌ఎన్‌ఏ ఒకటికి మించిన కోడాన్లను చదవగలుగుతుంది. పెద్ద భాగంలో అమైనో ఆమ్లాలను కలిపి కుట్టే చోట ప్రోటీను ఏదీ దగ్గరలో లేదని, ఆ పని చేసేది ఆర్‌ఎన్‌ఏయేనని స్టైట్జ్ బృందం చూపింది. బ్యాక్టీరియాలో ఈ యంత్రాంగం సెకనుకు 15 నుంచి 20 ఆమ్లాలను గొలుసులో చేరుస్తుంది.

ఈ సందర్భంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. ఆయన పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అది ఎలా పనిచేస్తుందో తెలియక ముందే లక్షలాది మంది ప్రాణాలు నిలిపింది. అర్ధశతాబ్దం గడిచాక 30ఎస్ చిత్రాల్లో టెట్రాసైక్లిన్ కూర్చున్న చోటు కంటికి కనిపించింది: ఆమ్లం మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ వచ్చి కుదురుకోవలసిన చోటే అది. మందు అక్కడ ఉన్నంతసేపు టీఆర్‌ఎన్‌ఏ కుదురుకోలేదు, బ్యాక్టీరియా ప్రోటీన్లు చేసుకోలేదు. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే కన్నుమూశారు కనుక ఈ చిత్రాలను చూడలేదు.

దిద్దుబాటు చెడితే ఏమవుతుందో ఒక ఎలుక చెప్పింది. స్టికీ అని పేరున్న ఒక రకం ఎలుకల్లో బొచ్చు జిగటగా కనిపిస్తుంది, కొంతకాలానికి శరీరం వణుకుతూ నడక తడబడుతుంది, చిన్నమెదడులోని పుర్కింజీ నాడీకణాలు చనిపోతాయి. 2006లో దీని కారణం బయటపడింది. అలనిన్ సింథటేజులో దిద్దే భాగంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ మార్పు వల్ల దిద్దే శక్తి పూర్తిగా పోలేదు, కొంత తగ్గిందంతే. అలనిన్ ఉండవలసిన చోట్ల అప్పుడప్పుడు సెరిన్ చేరుతూ వచ్చింది, సరిగా మడత పడని ప్రోటీన్లు నాడీకణాల్లో పేరుకున్నాయి. మన గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ రక్తహీనతతో దీన్ని పోల్చి చూడండి. అక్కడ బీటా గ్లోబిన్ జన్యువులో ఆరో కోడాన్ జీఏజీ నుంచి జీయూజీగా మారడం వల్ల గ్లుటామిక్ ఆమ్లం చోట వాలీన్ చేరుతుంది. సింథటేజు, రైబోజోము రెండూ తమ పనిని నిక్కచ్చిగా చేశాయి, వచ్చిన సందేశమే మారింది. ఎలుకలో సందేశం సరిగ్గానే ఉంది, దాన్ని ప్రోటీనుగా మార్చే పనిలో లోపం వచ్చింది. సికిల్ సెల్‌లో ఒక్క ప్రోటీనులో ఒక్క చోట, ఎప్పుడూ అదే తప్పు ఉంటుంది. ఆ ఎలుకలో తప్పు ఏ ప్రోటీనులోనైనా, ఏ అలనిన్ స్థానంలోనైనా రావచ్చు.

ఇక హైదరాబాద్ పనికి వస్తాను. అమైనో ఆమ్లాలు ఎడమచేయీ కుడిచేయీ లాగా ఒకదానికొకటి ప్రతిబింబాలైన ఎల్, డి రూపాల్లో ఉంటాయి. రైబోజోము మీద తయారయ్యే ప్రోటీన్లు ఎల్ రూపంతోనే ఏర్పడతాయి. కాని కణంలో డి రూపాలూ ఉంటాయి, బ్యాక్టీరియా కణకవచానికి అవి కావాలి. టైరోసిన్ సింథటేజు లాంటివి పొరపాటున డి రూపాన్ని టీఆర్‌ఎన్‌ఏకు అతికిస్తే, దాన్ని తెంచేందుకు డీటీడీ అనే ఎంజైము బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా ఉంది. శంకరనారాయణన్ గారి బృందం 2013లో దాని పని తీరును చూపింది. డి రూపాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవడం దాని పద్ధతి కాదు. ఎల్ రూపాన్ని లోపలికి రానివ్వని ఒక గట్టి అడ్డు దాని గూటిలో ఉంది, అంతే. ఎల్‌ను ఆపితే చాలు, మిగిలినది తెంచవలసినదే. ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. గ్లైసిన్‌కు ఎల్, డి భేదం లేదు కనుక అది ఆ అడ్డుకు తగలదు, సరైన గ్లైసిన్ కూడా తెగిపోయే ప్రమాదముంది. బ్యాక్టీరియాలో ఈఎఫ్-టీయూ అనే ప్రోటీను గ్లైసిన్ మోసే టీఆర్‌ఎన్‌ఏను వెంటనే తన పట్టులోకి తీసుకుని కాపాడుతుందని అదే బృందం తేల్చింది. ఆ చిక్కులోనే ఒక ప్రయోజనం కూడా ఉంది: అలనిన్ టీఆర్‌ఎన్‌ఏకు పొరపాటున గ్లైసిన్ అంటుకున్నప్పుడు డీటీడీ దాన్ని తొలగిస్తుంది. ఈ పరిశోధనలకు ఆయనకు 2020లో జీవశాస్త్ర విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

నేను గుర్తుపెట్టుకోమన్న జీ–యూ జతతో ఇప్పుడు పని పడింది. జంతువుల్లో కొన్ని థ్రియోనిన్ టీఆర్‌ఎన్‌ఏలలో నాలుగో స్థానంలో జీ, ఎదురుగా 69వ స్థానంలో యూ ఉంటాయి. అలనిన్ సింథటేజుకు ఇది తనకు తెలిసిన ఆనవాలులాగే కనిపించి, థ్రియోనిన్ టీఆర్‌ఎన్‌ఏకు అలనిన్‌ను అతికిస్తుంది. 2018లో సీసీఎంబీ బృందం జంతువుల్లో డీటీడీకి దగ్గరి బంధువైన ఏటీడీ అనే ఎంజైమును వివరించింది. దాని గూటిలో ఎల్ రూపాన్ని ఆపే అడ్డు కొద్దిగా పక్కకు తిరిగి ఉంది, అందువల్ల ఎల్ అలనిన్ లోపలికి ప్రవేశించగలుగుతుంది. అలా ప్రవేశించిన అలనిన్‌ను, అది థ్రియోనిన్ టీఆర్‌ఎన్‌ఏ మీద ఉన్నప్పుడు, ఏటీడీ తెంచేస్తుంది. నాలుగో స్థానపు జీ–యూ జత ఉన్న ఆ టీఆర్‌ఎన్‌ఏలు, వాటి మీద పడే తప్పును దిద్దే ఈ ఎంజైము, రెండూ జంతువుల్లోనూ, వాటికి దగ్గరి ఏకకణ బంధువులైన కోయనోఫ్లాజెలేట్లలోనూ కనిపిస్తాయి.